నిశ్శబ్ద క్రీడలో జనఘోష

ఆటలన్నింటికీ ప్రేక్షకులు ఉంటారు గాని అన్ని ఆటలలోనూ ప్రేక్షకుల పాత్ర ఒకే విధంగా ఉండదు. ఫుట్‌బాల్ మైదానంలో వేలమంది కంఠమెత్తి అరచినా ఆటకు భంగం లేదు. కబడ్డీ బరి చుట్టూ నిలిచిన జనం ఈలలు వేయకపోతే కూతకు వెళ్ళే ఆటగానికే ఉత్సాహం చాలదు. చదరంగం, బిలియర్డ్స్ వంటి ఆటల సంగతి వేరు. అక్కడ దగ్గు వచ్చినా ప్రేక్షకుడు నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకొనవలసినదే. ఆటగాని ఏకాగ్రత గాజుపాత్ర వంటిదనీ, చిన్న శబ్దానికే అది పగిలిపోతుందనీ చిరకాలంగా ఒక నమ్మకం ఉన్నది.

ఈ నమ్మకాన్ని బుద్ధిపూర్వకంగా ధిక్కరించి, బిలియర్డ్స్ కుటుంబానికే చెందిన పూల్ ఆటను జనఘోష నడుమ నిలబెట్టిన పోటీ ఒకటి కలదు. దాని పేరు మొస్కోనీ కప్. యూరప్, అమెరికా జట్ల మధ్య 1994 నుండి ఏటా జరుగుతున్న ఈ పోటీలో పాటలు, నినాదాలు, ఎగతాళి మాటలు ఆటలో భాగమే అయినవి. ఆ ఘోష ఆటను పాడుచేసినదా, పండించినదా అన్న ప్రశ్నను ఈ వ్యాసంలో పరిశీలించదలచినాము. ఇది పూల్ ఆటకు మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు. నలుగురి ఎదుట నిలిచి తన విద్యను ప్రదర్శించవలసిన ప్రతి విద్యార్థికీ ఇది వర్తిస్తుంది.

ఆట స్వరూపం

మన దేశంలో బిలియర్డ్స్, స్నూకర్ ఆటలు క్లబ్బుల ద్వారా వ్యాపించినవి. స్నూకర్ పుట్టినది 1875 ప్రాంతంలో జబల్‌పూర్‌లోని బ్రిటిషు సైనికాధికారుల మధ్యనే. నెవిల్ చాంబర్లేన్ అనే యువ సైనికాధికారి దానికి ఆద్యుడని ప్రతీతి. ఉదకమండలం క్లబ్బులో ఆ ఆట నియమాలు రూపుదిద్దుకున్నవి. 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ విజేతగా నిలిచి విల్సన్ జోన్స్ మన దేశానికి కీర్తి తెచ్చినాడు. ఈ సంప్రదాయమంతా మర్యాదతో కూడిన నిశ్శబ్దంలో పెరిగినది. మంచి దెబ్బకు మెల్లగా చప్పట్లు కొట్టడమే అక్కడ ప్రేక్షకుని హక్కు.

పూల్ బల్ల స్నూకర్ బల్ల కంటె చిన్నది. పోటీలలో వాడే బల్ల తొమ్మిది అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు ఉంటుంది. ఆరు పాకెట్లు ఉంటాయి. మొస్కోనీ కప్‌లో ఆడేది నైన్‌బాల్ అనే పద్ధతి. ఒకటి నుండి తొమ్మిది వరకు అంకెలు వేసిన రంగు బంతులు, వాటిని కొట్టడానికి ఒక తెల్లబంతి ఉంటాయి. బల్లపై మిగిలిన బంతులలో అన్నిటికంటె చిన్న అంకె గల బంతిని తెల్లబంతి మొదట తాకవలెను. తొమ్మిదవ బంతిని నియమానుసారంగా పాకెట్‌లో వేసినవాడు ఆ ర్యాక్‌ను గెలుస్తాడు. బంతి పడినంతసేపు ఆటగాడు ఆడుతూనే ఉంటాడు. గురి తప్పితే వంతు పోతుంది. ఫౌల్ జరిగితే ఎదుటివాడు తెల్లబంతిని తనకు నచ్చిన చోట పెట్టుకొని ఆడవచ్చును.

ఇక్కడ ఒక విశేషాన్ని గమనించవలెను. టెన్నిస్‌లో ఎదుటివాడు కొట్టిన బంతిని తిరిగి కొట్టి అతనిని నిలువరించవచ్చును. పూల్‌లో ఎదుటివాడు బల్ల దగ్గర ఉన్నప్పుడు మనము చేయగలిగినది కుర్చీలో కూర్చొని చూడడమే. అందువలన బల్ల దగ్గర ఉన్నవానికి ప్రతిఘటన రెండు చోట్ల నుండి మాత్రమే వస్తుంది: ఒకటి బంతుల అమరిక, రెండవది అతని మనస్సు. ప్రేక్షకుల ఘోష ప్రవేశించేది ఈ రెండవ ద్వారం నుండి.

మౌని పేరిట ఘోష

ఈ పోటీకి విల్లీ మొస్కోనీ పేరు పెట్టడంలో ఒక విచిత్రమున్నది. ఆయన 1913లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జన్మించినాడు. తండ్రికి పూల్ ఆడించే శాల ఉండేది. కుమారుడు ఆ ఆటలో పడరాదని తండ్రి నిషేధించగా, బాలుడు చీపురుకర్రతో బంగాళాదుంపలను కొట్టుతూ రహస్యంగా సాధన చేసినాడని చెప్పుకుంటారు. 1941, 1957 సంవత్సరాల మధ్య ఆయన పదునైదు పర్యాయాలు ప్రపంచ విజేత అయినాడు. 1954లో ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జరిగిన ప్రదర్శనలో ఒక్కటి కూడా గురి తప్పకుండ వరుసగా 526 బంతులను పాకెట్‌లో వేసినాడు. ఆ లెక్క ఆరు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరలేదు.

మొస్కోనీ సూటు, టై ధరించి, మాట్లాడకుండ, వేగంగా, నిర్దుష్టంగా ఆడేవాడు. పూల్ శాలలకు జూదగాండ్ర వలన వచ్చిన అపకీర్తిని తొలగించవలెనని ఆయన తపన. ఆయనకు సరిగ్గా వ్యతిరేక స్వభావం కలవాడు రుడాల్ఫ్ వాండరోన్. 1961లో వచ్చిన 'ది హస్లర్' చలనచిత్రంలోని ఒక పాత్ర పేరును తనకు తగిలించుకొని 'మిన్నెసోటా ఫ్యాట్స్'గా ప్రసిద్ధి పొందిన మాటకారి. విచిత్రమేమనగా ఆ చిత్రానికి ఆటలో సలహాదారు మొస్కోనీయే.

1978 ఫిబ్రవరి 14న న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్‌లో వీరిద్దరికీ టెలివిజన్ కొరకు పోటీ ఏర్పాటైనది. మొస్కోనీ ఆడుతున్నంతసేపూ ఫ్యాట్స్ మాట్లాడుతూనే ఉన్నాడు. జనం నవ్వుతూనే ఉన్నారు. ఆట మొస్కోనీ గెలిచినాడు. జనాన్ని ఫ్యాట్స్ గెలిచినాడు. నైపుణ్యమొక్కటే వేలమందిని ఆకర్షించలేదనీ, నైపుణ్యం లేని మాటకారితనం బల్ల దగ్గర నిలువలేదనీ ఆనాడే తేలిపోయినది. ఈ రెంటినీ ఒకే వేదికపై కలపడం సాధ్యమా అన్నదే మిగిలిన ప్రశ్న. మొస్కోనీ 1993 సెప్టెంబరులో మరణించినాడు. మరుసటి సంవత్సరమే ఆయన పేరిట వెలసిన పోటీ ఆ ప్రశ్నకు సమాధానం వెదికినది.

పోటీ పుట్టుక, ప్రదర్శనా విధానం

1994 డిసెంబరులో లండన్ శివారు రామ్‌ఫర్డ్‌లో తొలి పోటీ జరిగినది. గోల్ఫ్ ఆటలో అమెరికాకు, యూరప్‌కు మధ్య జరిగే రైడర్ కప్‌ను నమూనాగా తీసుకొని బారీ హెర్న్‌కు చెందిన మ్యాచ్‌రూమ్ సంస్థ దీనిని నిర్వహించినది. తొలి సంవత్సరం అమెరికా 16-12 తేడాతో గెలిచినది. ఒంటరి ఆటగాండ్రను జట్టుగా కూర్చడమే ఇందులోని మొదటి నేర్పు. ఏ ఆటగాడు గొప్పవాడన్న ప్రశ్న నిపుణులకే పట్టుతుంది. 'మనవాళ్ళు గెలిచినారా?' అన్న ప్రశ్న ఆట తెలియనివానికి కూడ పట్టుతుంది.

రెండవ నేర్పు వేదికను ఎన్నుకొనడం. లండన్‌లో మల్లయుద్ధాలకూ, బాక్సింగ్‌కూ పేరొందిన యార్క్ హాల్‌లో ఈ పోటీ పలుమార్లు జరిగినది. బరి ఉండే చోట బల్ల వేసి, నాలుగు వైపులా జనాన్ని కూర్చోబెట్టితే ఆటగానికి వీపు ఆనించుకొనడానికి గోడ కూడ ఉండదు. 2002లో అక్కడనే స్నూకర్ దిగ్గజం స్టీవ్ డేవిస్, అమెరికా మేటి ఆటగాడు ఎర్ల్ స్ట్రిక్‌లాండ్‌ను ఓడించి యూరప్‌కు కప్ అందించినాడు. అంతకు ముందు 1996 నుండి ఆరు సంవత్సరాలు వరుసగా అమెరికాయే గెలుస్తూ వచ్చినది. డేవిస్ స్నూకర్‌లో నిర్వికారతకు మారుపేరు. అటువంటివాడు ఇక్కడ జనం నడుమ ఉద్వేగంతో ఊగిపోవడం ప్రేక్షకులకు కొత్త దృశ్యమైనది.

మూడవ నేర్పు సమయాన్ని కుదించడం. ఇటీవలి పద్ధతిలో ఒక్కొక్క జట్టులో ఐదుగురు ఆడతారు. ఒకరితో ఒకరు, జంటతో జంట, జట్టుతో జట్టు తలపడతారు. ముందుగా ఐదు ర్యాకులు గెలిచినవారికి ఒక పాయింటు. ముందుగా పదకొండు పాయింట్లు సాధించిన జట్టుకు కప్. ఒక్కొక్క దెబ్బకు 30 సెకన్ల గడువు. ఆలోచనకు వ్యవధి తక్కువ కనుక తప్పులు దొర్లుతాయి. తప్పులు దొర్లితే ఆట తలక్రిందులవుతుంది. కొద్ది నిమిషాలకొకసారి జనానికి లేచి నిలబడే అవకాశం వస్తుంది.

నాలుగవది ప్రవేశం. దీపాలు ఆరి, సంగీతం మారుమ్రోగగా, ఆటగాడు జనం మధ్య నుండి నడచి వస్తాడు. సహచరులు బల్లకు సమీపంలోనే కూర్చొని ప్రతి మంచి దెబ్బకు పిడికిళ్ళు ఎత్తుతారు. ర్యాక్ గెలిచినవాడు జనం వైపు తిరిగి చేతులు ఊపి, 'ఇంకా గట్టిగా' అన్నట్లు సైగ చేస్తాడు. అమెరికా పక్షం వారు దేశం పేరులోని మూడక్షరాలను నినాదంగా పలుకుతారు. యూరప్ పక్షం వారు ఫుట్‌బాల్ పాటల బాణీలను ఎత్తుకుంటారు.

ఇంత ఘోషలోనూ ఒక అలిఖిత నియమం ఉన్నది. ఆటగాడు బల్లపైకి వంగి గురి చూడగానే శబ్దం తగ్గవలెను. దెబ్బకు దెబ్బకు నడుమనే కేకలకు చోటు. మన ముషాయిరాలను ఎరిగిన పాఠకులకు ఇది కొత్తగా తోచదు. కవి షేర్‌లోని మొదటి పంక్తి చదివినప్పుడు శ్రోతలు దానిని అందుకొని తిరిగి పలుకుతారు. రెండవ పంక్తికై కవి నోరు విప్పగానే సభ ఊపిరి బిగబట్టుతుంది. ప్రాస పడగానే 'వాహ్ వాహ్' అన్న దాద్ మిన్నంటుతుంది. శబ్దం ఎంత అన్నదాని కంటె ఎప్పుడు అన్నదే అక్కడా ఇక్కడా ముఖ్యం.

ఐతే మొస్కోనీ కప్‌లో ఈ నియమం తరచు ఉల్లంఘింపబడుతుంది. గురి చూస్తున్న క్షణంలోనే ఎవడో ఒక మాట విసురుతాడు. మన అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగికి ఆ పని అప్పగించి కూర్చోబెట్టుతాము. అవధాని పద్యం అల్లుతుండగా అతడు అసంగతమైన ప్రశ్న వేస్తాడు. చెదరకుండ చమత్కారంగా బదులిచ్చి పద్యాన్ని పూర్తి చేయడంలోనే అవధాని ఘనత. పూల్ ఆటగానికి కూడ అటువంటి పరీక్షయే ఎదురవుతున్నది. కాని అతనికి మాట విసిరేవాడు సభామర్యాద తెలిసిన పృచ్ఛకుడై ఉండడు.

పావు డిగ్రీ పరీక్ష

ఘోష వలన నిజంగా నష్టమేమి? ఒక చిన్న లెక్క చూడవచ్చును. పూల్ బంతి వ్యాసం రెండుంపావు అంగుళాలు. తెల్లబంతికి నాలుగు అడుగుల దూరంలో రంగు బంతి, దానికి సూటిగా మరి మూడు అడుగుల దూరంలో పాకెట్ ఉన్నవనుకుందాము. క్యూ కర్ర చివర పావు డిగ్రీ ప్రక్కకు తిరిగినదనుకుందాము. నాలుగు అడుగులు దొర్లేసరికి తెల్లబంతి తన మార్గం నుండి అంగుళంలో ఐదవ వంతు తప్పుతుంది. అంత స్వల్పమైన తేడాతో తాకినా రంగు బంతి సుమారు ఐదు డిగ్రీలు ప్రక్కకు పోతుంది. మూడు అడుగులు వెళ్ళేసరికి ఆ తేడా మూడు అంగుళాలు దాటుతుంది. అనగా బంతి పాకెట్‌లో పడదు. చేతిలో జరిగిన పొరపాటు బంతులు తాకుకొనడంలో ఇరువది రెట్లు పెరిగినదన్న మాట.

గుండె వేగంగా కొట్టుకొనడం, ఊపిరి పైపైన ఆడడం, పిడికిలి బిగుసుకొనడం ఉద్వేగానికి సహజ లక్షణాలు. పరుగు పందెగానికి ఇవి మేలు చేయవచ్చును. పావు డిగ్రీతో బ్రతుకు తేలిపోయే ఆటగానికి ఇవే శత్రువులు. కనుక నిశ్శబ్దం కావలెనన్న పాతకాలపు వారి పట్టుదల అకారణమైనది కాదు.

ఐనను కథ అంతటితో ముగియదు. 1965లో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ ఒక సిద్ధాంతం ప్రతిపాదించినాడు. ఇతరులు చూస్తున్నారన్న స్పృహ మనిషిలో బాగా నాటుకొనిన అలవాటును బలపరుస్తుందని దాని సారాంశం. బాగా నేర్చిన పనిలో ఆ అలవాటు సరియైనదే కనుక పని మెరుగవుతుంది. సరిగా నేర్వని పనిలో తప్పు చేయడమే అలవాటు కనుక పని మరింత చెడుతుంది.

ఈ సిద్ధాంతాన్ని 1982లో కొందరు అమెరికన్ పరిశోధకులు పూల్ బల్ల దగ్గరనే పరీక్షించినారు. విద్యార్థులు ఆడుకొనే చోట వారికి తెలియకుండ మొదట దూరం నుండి గమనించి, మంచి ఆటగాండ్రను, సామాన్యులను వేరు చేసినారు. ఆపై నలుగురు మనుష్యులు బల్ల దగ్గరకు వచ్చి నిలబడి చూడసాగినారు. మంచి ఆటగాండ్రు ఎవరూ చూడనప్పుడు నూటికి 71 దెబ్బలు సఫలం చేయగా, నలుగురు చూస్తుండగా 80 సఫలం చేసినారు. సామాన్యుల సాఫల్యం నూటికి 36 నుండి 25కు దిగజారినది.

నిశ్శబ్దంగా చూచే నలుగురికీ, పాటలు పాడే వేలమందికీ ఎంతో భేదమున్న మాట నిజమే. అయినా ఈ ప్రయోగం చెప్పే నీతి స్పష్టంగానే ఉన్నది. ప్రేక్షకుడు ఆటగానికి కొత్త విద్యను ఈయడు, ఉన్న విద్యను హరింపడు. లోపల ఏమి ఉన్నదో దానిని పెద్దది చేసి చూపుతాడు.

ఫలితాల సాక్ష్యం

సొంతగడ్డపై జనబలం గల జట్టుకే విజయమని అనుకుందామా? గత చరిత్ర అలా చెప్పదు. 2010 నుండి 2017 వరకు ఎనిమిది సంవత్సరాలు యూరప్ వరుసగా గెలిచినది. ఆ పోటీలలో కొన్ని అమెరికా గడ్డపైననే జరిగినవి. 2018లో లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో, యూరప్ పక్షపు జనసముద్రం నడుమ, అమెరికా 11-9తో గెలిచినది. 2022లో లాస్‌వేగస్‌లోనూ, 2024లో ఆర్లాండోలోనూ యూరప్ గెలిచినది. 2020లో కోవిడ్ కారణంగా ఇంగ్లండులోని కోవెంట్రీలో ప్రేక్షకులు లేకుండ పోటీ జరిగినది. ఖాళీ శాలలో కూడ యూరప్ 11-3తో సునాయాసంగా గెలిచినది. ఒక్క సంవత్సరపు ఫలితంతో సిద్ధాంతం కట్టరాదు గాని, గెలుపు కేకలలో లేదని చెప్పడానికి ఇన్ని ఉదాహరణలు చాలును.

2018 నాటి అమెరికా విజయం వెనుక మరొక పాఠమున్నది. ఆ జట్టుకు శిక్షకుడు నెదర్లాండ్స్ దేశీయుడైన యోహాన్ రాయ్‌సింక్. అంతకు ముందు యూరప్‌ను పలుమార్లు గెలిపించినవాడు ఆయనే. 2017లో అమెరికా పక్షానికి వచ్చినాడు. మొదటి సంవత్సరం ఓటమి తప్పలేదు. తరువాతి రెండు సంవత్సరాలు అమెరికాయే గెలిచినది. జనాన్ని మార్చడం ఆయన చేతిలో లేని పని. జట్టును సిద్ధం చేయడం ఆయన చేతిలో ఉన్న పని.

దీనికి ఎదురుగా స్ట్రిక్‌లాండ్ ఉదాహరణ కూడ చెప్పుకొనవలెను. ప్రపంచ నైన్‌బాల్ విజేతగా మూడుసార్లు నిలిచిన ఈ మహా ఆటగాడు ప్రేక్షకులతో వాదానికి దిగిన సందర్భాలు ప్రసిద్ధములు. ఇతర పోటీలలో చెవులకు శబ్దనిరోధకాలు ధరించి ఆడిన దినాలు కూడ ఉన్నవి. ఎంతటి నైపుణ్యం ఉన్నా, బదులు చెప్పడం మొదలుపెట్టిన ఆటగాడు తన ధ్యాసలో కొంత భాగాన్ని జనానికి దానం చేసినట్లే.

హద్దు ఎక్కడ?

ఈ ఆర్భాటమంతా డబ్బు కొరకేనని విమర్శించేవారు ఉన్నారు. అందులో సత్యం లేకపోలేదు. టిక్కెట్లు, టెలివిజన్ ప్రసారాలు లేనిదే వృత్తి ఆటగాండ్రకు జీవనం లేదు. కాని పొగ నిండిన గదులలో పందేల ఆటగా అపకీర్తి మోసిన పూల్, వేలమంది ఎదుట వెలుగులో ఆడే ఆటగా మారినది కూడ ఈ ప్రదర్శన వలననే. మొస్కోనీ జీవితమంతా కోరిన గౌరవం, ఆయనకు నచ్చని మార్గంలో ఆటకు లభించినదని చెప్పవచ్చును.

ఐతే ఎదుటివాని తప్పుకు సంతోషించడం, గురి చూసే క్షణంలో కేక వేయడం, వ్యక్తిని అవమానించడం ప్రోత్సాహం క్రిందకు రావు. తమవానిని మెచ్చుకొనే ఘోష ఆటను పెంచుతుంది. ఎదుటివానిని గాయపరచే ఘోష ఆటను వీధి తగవుగా మారుస్తుంది. ఈ విషయంలో ఒక భవనమే మనకు ఉపమానంగా నిలిచినది. జనఘోషతో మొస్కోనీ కప్ జరిగిన అలెగ్జాండ్రా ప్యాలెస్‌లోనే 2012 నుండి స్నూకర్ మాస్టర్స్ పోటీ కూడ జరుగుతున్నది. అక్కడ ఎవరైనా మాట్లాడితే రెఫరీ మందలించి ఆపుతాడు. కప్పు ఒకటే, మర్యాదలు రెండు. ఏ ఆటకు ఏ మర్యాద అని నిర్ణయించేది ఆటగాండ్రు, నిర్వాహకులు, ప్రేక్షకులు కలసి ఒప్పుకొనిన ఆచారమే.

కళాశాలల క్రీడోత్సవాలకు, వక్తృత్వ పోటీలకు కూడ ఇది అన్వయిస్తుంది. వేదిక ఎక్కగానే గొంతు తడారిపోయిన విద్యార్థిని పిరికివాడని నవ్వడం న్యాయం కాదు. అతడు గదిలో ఒంటరిగా సాధన చేసి, సభలో మొదటిసారి పరీక్షకు నిలిచినాడు. సాధనలో కొంత భాగమైనా నలుగురి ఎదుట జరిగే ఏర్పాటు చేయవలెనని క్రీడా సంఘాలకు, సాహిత్య సంఘాలకు మేము మనవి చేస్తున్నాము. పోటీ దినాన పాటించవలసిన నియమాలు మూడు చాలును: తమవారిని మెచ్చుకొనడానికి అడ్డు లేదు, ఆటగాడు గురి చూచేటప్పుడు, వక్త నోరు విప్పేటప్పుడు నిశ్శబ్దం పాటించవలెను, ఎదుటివారి పొరపాటుకు కేరింతలు కొట్టరాదు.

ప్రేక్షకుడు పెద్దది చేసి చూపేది లోపల ఉన్నదానినే అయితే, లోపల ఏమి నింపుకొనవలెనన్నది విద్యార్థి చేతిలోని పని. మనము నింపుకొనినది కాస్త బాగున్నప్పుడు చూచేవారు ఎంతమంది ఉంటే అంత మంచిది.